మా ఆయన సంతకం

మా ఆయన పేరు తేజేశ్వర్. ఆయన సంతకం మాత్రం పన్నెండేళ్ళపాటు నేనే పెట్టాను. దొంగతనంగా మొదలైన వ్యవహారం కాదిది. మా సంహితని కిండర్‌గార్టెన్‌లో వేసినప్పుడు తల్లీతండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాల్సిన కాగితమొకటి బ్యాగులో పెట్టి పంపి, మర్నాటికల్లా కావాలన్నారు. ఈయన అప్పుడు ఇర్వింగ్‌లో క్లయింట్ దగ్గర ఉన్నారు. సోమవారం తెల్లారగట్ల విమానమెక్కితే గురువారం పొద్దుపోయాక పార్సిప్పనీలో మా ఇంటికి చేరేవారు. ఏం చెయ్యమంటారని ఫోన్ చేస్తే, "నువ్వే పెట్టెయ్ పద్మజా. టి రాసి గీత గీకు, అదే నా సంతకం" అన్నారు. గీకాను. ఇర్వింగ్ అయ్యాక మినియాపొలిస్, అదయ్యాక షార్లెట్. ఆయన ఊళ్ళు మారేకొద్దీ నా చేతిలో ఆ టి కుదురుకుంది. అడ్డగీత కాస్త పైకి లేపి, తోక కిందికి లాగి, ఆయనకంటే నేనే బాగా పెట్టేదాన్ని.

అలా గీకిన కాగితాల్లో ఒకటి మొన్నటి వేసవిలో మా పీకలమీదికొచ్చింది.

సంహిత యుఫోనియం వాయిస్తుంది. అదేమిటని అడిగినవాళ్ళకల్లా చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది. చంటిపిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టు పట్టుకుని ఊదే ఇత్తడి బాకా. దాని గొంతు మగవాళ్ళు మెల్లగా పాడినట్టుంటుంది. పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాల్లో దానికి కుర్చీ ఉండదట. అది వాయించి నెలనెలా జీతం తీసుకోవాలంటే ఈ దేశంలో ఉన్న దారల్లా మిలటరీ బ్యాండేనని దానికి పదిహేనేళ్ళప్పుడే తెలుసు. నాకు చెప్పింది. వాళ్ళ నాన్నకి చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.

మా ఆయన చెడ్డవాడు కాదు. కాగితాలంటే భయం, అంతే. పాము కనపడితే పక్కకి తప్పుకుంటారుగానీ, గవర్నమెంటు కవరు కనపడితే కుర్చీలో కూలబడతారు. పదకొండేళ్ళుగా గ్రీన్‌కార్డు లైన్లో ఉన్న మనిషి. సంహిత ఈ దేశంలోనే పుట్టింది కాబట్టి దానికా బాధ లేదు. హెచ్-వన్ వీసా కాగితాలన్నీ ఏడాదివారీగా ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, ఇల్లు తగలబడితే ముందు ఏ డ్రాయరు లాగాలో నాకు పాఠం చెప్పారు. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా పడిందని ఒకసారి ఆర్నెల్లు నిద్రపోలేదు. అలాంటి మనిషి సంతకం నేను మిలటరీ కాగితం మీద పెట్టాను.

ఏప్రిల్‌లో బ్యాండ్‌వాళ్ళు ఆడిషన్‌కి పిలిచారు. పద్దెనిమిది నిండనివాళ్ళకి తల్లీతండ్రీ ఇద్దరూ ఒప్పుకున్నట్టు కాగితం కావాలన్నారు. ఫోన్లో ఆయన దగ్గర అటూ ఇటూ తిప్పి కదిపి చూశాను. బాకా సరదాగా ఉంచుకోమను, కాలేజీకి డిపాజిట్ కట్టాం కదా అన్నారు. ఆ గురువారం ఇంటికొచ్చి, తిని పడుకున్నారు. శుక్రవారం పొద్దున్నే నేను వంటగదిలో నిలబడి నా సంతకం పెట్టాను, పక్కనే ఆయన టి కూడా గీశాను. చిన్నా చితకా స్కూలు కాగితాలు నేను గీకుతానని సంహితకి తెలుసు. అందుకే అడిగింది, ఇది నాన్నే పెట్టారా అని.

"రాత్రి పెట్టించాను" అన్నాను.

పిల్ల ఆ టి మీద వేలు పెట్టి కాసేపు అలా నిలబడిపోయింది. ఆయన మనసు ఇంకా నలుగుతోందనీ, ఆయనంతట ఆయన ఎత్తేదాకా ఈ మాట కదపొద్దనీ దానికి చెప్పాను. అది నా రెండో అబద్ధం. ఆ తర్వాత సంహిత ప్రతి శుక్రవారం వాళ్ళ నాన్నకి కాఫీ కలిపి ఆయన గదిలోకి తీసుకెళ్ళి ఇవ్వడం మొదలెట్టింది. "ఈ మధ్య పిల్ల మెత్తబడిందే" అని మా ఆయన నాతో ముచ్చటగా చెప్పుకున్నారు.

మేలో ఉత్తరమొచ్చింది. సంహిత ఎంపికైంది, ఆగస్టులో ట్రైనింగ్. అసలు కాగితాల మీద మాత్రం తల్లీతండ్రీ ఇద్దరూ ఎదురుగా కూర్చుని సంతకాలు చెయ్యాలి. ఆడిషన్ తీసుకున్నావిడ సార్జెంట్ వెబర్ అని, ట్రాంబోన్ వాయిస్తుంది. జూన్ రెండోవారంలో మా బ్యాండ్ ఫలానా ఊరి పండక్కి వస్తుంది, శనివారం మధ్యాహ్నం షో చూసి అక్కడే సంతకాలు పెట్టి వెళ్ళండి అంది. ఆ ఆదివారం దాటితే సీటు తర్వాతి వాళ్ళకి వెళ్ళిపోతుంది. నవంబర్‌లో పద్దెనిమిది నిండితే ఎవరి సంతకమూ అక్కర్లేదు. కానీ యుఫోనియం ఖాళీ ఏళ్ళకొకసారి వస్తుందట, నవంబర్‌దాకా ఆగదు.

ఊరి పేరు చెప్పను, కాగితాల వ్యవహారం కదా. వర్జీనియాలో నేవీ ఓడలు ఆగే ఊరనుకోండి. వేసవి రాగానే అక్కడ నీళ్ళ ఒడ్డున బొమ్మలవాళ్ళు, డాన్సులవాళ్ళు, గాజు ఊదేవాళ్ళు గుడారాలేస్తారు. అదే వారాంతంలో పెద్ద ఇండోర్ స్టేడియంలో నాలుగైదు దేశాల మిలటరీ బ్యాండ్లు కలిసి కవాతు కచేరీ చేస్తాయి. మా ఆయనకి మొదటి ముక్క మాత్రమే చెప్పాను. ఊళ్ళో ఆయనకి బాబాయి వరసయ్యే వీరభద్రరావు గారున్నారు, ఆయన్ని చూసి చాలా ఏళ్ళయిందని కలిపాను. మా ఆయన సరదాపడి శుక్రవారం సెలవు పెట్టారు.

మా పల్లెలో పొగాకు కాల్చేటప్పుడు మా నాన్న బ్యారన్ బయట, అంటే ఆకుని వేడికి ఆరబెట్టే కొట్టం బయట, మంచమేసుకుని పడుకునేవాడు. వేడి ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే కుళ్ళుతుంది, తలుపు తీసి చూద్దామంటే రెండూ పోతాయి. ఆ ఏడు గంటల డ్రైవ్‌లో నేను అలాగే కూర్చున్నాను. ముందు ఆయన, వెనక సంహిత, మధ్యలో నోరు మూసుకుని నేను.

చివర్లో సముద్రం మీద పదిహేడు మైళ్ళ వంతెన ఉంటుంది. మధ్యలో రెండుచోట్ల కారు నీళ్ళ కిందికి దిగి మళ్ళీ పైకి లేస్తుంది. మొదటి సొరంగంలోంచి వెలుతుర్లోకి రాగానే వెనకనుంచి సంహిత వంగి వాళ్ళ నాన్న భుజం మీద చెయ్యేసింది.

"నాన్నా, థాంక్స్."

"దేనికిరా?"

"డ్రైవ్ చేస్తున్నందుకు" అని నేను అందుకున్నాను, అవసరమైనదానికంటే గట్టిగా. అద్దంలో అది నావైపు చూసింది. ఆయన నవ్వి, ఏడు గంటలు తోలినందుకు ఇన్నాళ్ళకి ఒక థాంక్స్ ముట్టింది అన్నారు.

వీరభద్రరావు గారు షిప్‌యార్డులో ముప్పయ్యేళ్ళు చేసి రిటైరైన మనిషి. శనివారం పొద్దున ఆయనే పెసరట్లు పోశారు. అట్టు తిప్పుతూ, తింటూ, ఎవరినో ఒకరిని చెణుకుతూనే ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఇంట్లో బాకా పుట్టిందేంట్రా అని మా ఆయన్ని, పెళ్ళికి మేళం ఖర్చు కలిసొస్తుందిలే అని నన్ను. ఇంతలో సంహితవైపు తిరిగి, కాలేజీలో ఏం చదువుతావమ్మా అని అడిగారు.

సంహిత తినడం ఆపేసింది. "నాన్న చెప్తాడు" అంది. ఇన్నాళ్ళకి ఆయన నోటంట ఆ మాట బయటికొస్తుందని దాని ఆశ. ముఖమంతా వెలిగిపోతోంది.

"కంప్యూటర్ సైన్స్" అన్నారు మా ఆయన గర్వంగా.

పిల్ల ప్లేటు తీసుకుని లోపలికెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. నాన్న ఎందుకలా చెప్పాడని సింకు దగ్గర నిలబడి అడిగింది. పెద్దాయన నోటికి దొరకడం ఇష్టంలేక అలా అన్నారని సర్దిచెప్పాను. మూడో అబద్ధం. హాల్లో మాటలు వినపడుతూనే ఉన్నాయి. మన పిల్లల్ని మిలటరీకి ఎవరు పంపుతార్రా అంటున్నారు పెద్దాయన. "పిచ్చిపట్టినవాళ్ళు పంపాలి బాబాయ్" అంటున్నారు ఈయన. నేను కుళాయి తిప్పి నీళ్ళు గట్టిగా వదిలాను. దానికి వినపడిందో లేదో ఇప్పటికీ తెలియదు.

షో రెండింటికి. పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఒడ్డున గుడారాల మధ్య తిరిగాం. ఈలోగా చెప్పెయ్యాలని నా లెక్క. సంహితని నిమ్మరసం లైన్లో నిలబెట్టి ఆయన్ని పక్కకి తీసుకొచ్చాను. గాజు ఊదేవాడు కొలిమిలోంచి ఎర్రటి ముద్ద తీసి గొట్టం చివర ఉబ్బిస్తున్నాడు. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చిన్నపిల్లాడిలా చూస్తున్నారు. ఆయన్ని అంత తీరిగ్గా చూసి ఎన్నేళ్ళయిందో. "ఏమండీ, ఒక మాట" అన్నాను. "ఆగు, పగులుతుందేమో చూద్దాం" అన్నారు. పగల్లేదు. ఆయన చప్పట్లు కొట్టారు. నేను చెప్పలేకపోయాను. పిరికితనమే, ఇంకో పేరు పెట్టను.

బ్యాండ్ల కచేరీ ఉందట చూద్దాం అని మాత్రం చెప్పి ఆయన్ని స్టేడియంలోకి తీసుకెళ్ళాను. దీపాలార్పి ఒక్కసారిగా డ్రమ్ములు మొదలెట్టారు. స్కాట్లండ్ వాళ్ళ తిత్తిబూరలు, నార్వే వాళ్ళ తుపాకుల విన్యాసం, చివరికి సార్జెంట్ వెబర్ వాళ్ళ బ్యాండ్. రెండువందలమంది నడుస్తూ వాయిస్తూ ఒకళ్ళలోంచి ఒకళ్ళు దూసుకుపోతున్నారు, ఎవరి మోచెయ్యీ ఎవరికీ తగలడంలేదు. మా ఆయన ముందుకు వంగి కూర్చున్నారు. పని శుభ్రంగా జరిగితే ఆయనకి చాలా ఇష్టం. రెండో వరసలో యుఫోనియం పట్టుకున్నావిణ్ణి చూపించి, వీళ్ళకి జీతాలుంటాయా అని నన్నడిగారు. ఉంటాయన్నాను. ఇంటి అద్దె, ఇన్సూరెన్సు, కావాలంటే కాలేజీ ఖర్చు కూడా అని అప్పజెప్పాను. నీకెలా తెలుసని ఆయన నావైపు తిరిగేలోపు జనం లేచి నిలబడ్డారు. షో అయిపోయింది.

మెట్లు దిగుతుంటే సార్జెంట్ వెబర్ మాకు ఎదురొచ్చింది. చెమటతో తడిసిన యూనిఫాం, చేతిలో తెల్లటి గ్లవ్స్. సంహితని వాటేసుకుంది. మా ఆయన చెయ్యి పట్టుకుని, ఏప్రిల్‌లో మీరు పెట్టిన సంతకానికి చాలా థాంక్స్ సర్, ఇలా ఒప్పుకునే నాన్నలు తక్కువ అంది.

మా ఆయన నవ్వుతూనే ఉన్నారు. ఆఫీసులో అర్థంకాని మాట వినపడ్డప్పుడు నవ్వే నవ్వది.

స్టేడియం వెనక ఒక చిన్న గదిలో బల్ల, నాలుగు కుర్చీలు, అవతల కాగితాలు చూసే ఆఫీసరు. సార్జెంట్ ఫైలు తెరిచి ఏప్రిల్ కాగితం పైన పెట్టింది. పక్కపక్కనే రెండు సంతకాలు, నాదీ ఆయనదీ. రెండూ ఒకే నల్ల ఇంకు. మా ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. సంహిత ఆయన ముఖమే చూస్తోంది, అవార్డు పేరు చదవబోతున్నట్టు.

"పది నిమిషాలు" అని ఆఫీసరుతో ఇంగ్లీషులో చెప్పి బయటికి నడిచారు. నేను వెనకాలే వెళ్ళాను.

నడవాలో డ్రమ్ములు పెట్టెల్లో సర్దుతున్నారు. ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"ఆ టి నీది."

"అవునండీ."

"అది స్కూలు పిక్నిక్ కాగితం కాదు పద్మజా. మిలటరీది. మనమేమో హెచ్-వన్ మీదున్నాం."

"తెలుసండీ."

"తెలిసే పెట్టావా?"

ఆయనే మళ్ళీ, సంహితకి తెలుసా అని అడిగారు. తెలియదనీ, మీరే పెట్టారని నేను చెప్పాననీ, అందుకే అది మీకు కాఫీలు తెచ్చిస్తోందనీ చెప్పేశాను. ఏది చెప్పినా ఆయన ముఖం మారలేదుగానీ, కాఫీల మాటకి మాత్రం కళ్ళు మూసుకున్నారు. ఇప్పుడు లోపలికెళ్ళి అది నా సంతకం కాదంటే ఏమవుతుందని అడిగారు. ఏప్రిల్ కాగితం చెల్లదు, ఆడిషన్ చెల్లదు, సీటు పోతుంది అన్నాను. నా సంగతి ఏమవుతుందో ఆయనకి నేను చెప్పక్కర్లేదు. సంహితకి ఈ సంగతి ఎలా చెప్పాలన్నదే ఇద్దరికీ అంతుపట్టలేదు.

"ఇన్నాళ్ళూ అది నన్ను చూసి..." అని ఆగిపోయారు. తర్వాత నన్ను దాటుకుని లోపలికెళ్ళారు.

కూర్చుని, ముందు సార్జెంట్‌ని అడిగారు, తుపాకీ ఇస్తారా అని. ఆవిడ దాచలేదు. అందరిలాగే పదివారాలు బేసిక్ ట్రైనింగ్ ఉంటుంది, తుపాకీ కాల్చడం నేర్పుతారు, ఆ తర్వాత చేతికి బాకా ఇస్తారు, ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళాలి అంది. ఎన్నేళ్ళు అని అడిగారు. వద్దనుకుంటే మధ్యలో రావచ్చా అని అడిగారు. అలా రావడం కుదరదని చెప్పింది. ఒక్కో జవాబుకీ ఆయన తల ఊపుతుంటే, ఈయన కాదనడానికే కారణాలు పోగేస్తున్నారని నాకు అనిపించింది.

చివరికి సంహితవైపు తిరిగి తెలుగులోకి మారారు.

"నీకు భయంగా లేదా?"

అది నవ్వింది. "ఫస్ట్ చాలా భయం వేసింది నాన్నా. నైట్ నిద్ర కూడా రాలేదు. తర్వాత నువ్వు సైన్ చేశావు కదా. నాన్న సైన్ చేశాడు అంటే, నాన్న అన్నీ చెక్ చేసే ఉంటాడు అనుకున్నాను. అప్పట్నుంచి భయం లేదు."

ఆఫీసరు కొత్త కాగితం ముందుకు జరిపి, పాత సంతకం మీదేనా సర్ అని అడిగాడు. అడగాలి, అది అతని పని.

"అవును, నాదే" అన్నారు మా ఆయన.

పెన్ను తీసుకుని ఏప్రిల్ కాగితాన్ని దగ్గరికి లాక్కుని, అడ్డగీత ఎక్కడ లేచిందో, తోక ఎంత దిగిందో చూసి, అచ్చం అలాగే గీశారు. తప్పు అక్షరాన్ని పట్టుకుని ఆర్నెల్లు నిద్రపోని మనిషి. పక్కన నేను నా సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం వీరభద్రరావు గారికి ఆయనే చెప్పారు, అమ్మాయి ఆర్మీ బ్యాండ్‌లో చేరుతోంది బాబాయ్ అని. పెద్దాయన మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి, పొద్దున్న వేరేలా విన్నట్టున్నానే అన్నారు. "పొద్దున్న మీరు పోసిన అట్లు అలాంటివి" అన్నారు ఈయన. నాతో మాత్రం ఒక్క మాటా లేదు. ఆదివారం పొద్దున కూడా లేదు. ఇడ్లీ పెడితే తిన్నారు, కారు తాళాలందిస్తే తీసుకున్నారు. గొడవపడితే సులువుగా ఉండేది.

వంతెన దాటేసరికి మధ్యాహ్నం రెండయింది. సంహిత చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వెనక సీట్లో అడ్డంగా పడి నిద్రపోతోంది. డెలావేర్ వైపు దారి, రెండుపక్కలా మొక్కజొన్న చేలు. ఆయన అద్దంలో దాన్ని ఒకసారి చూసుకున్నారు.

"ఇంకా ఏమేం సంతకాలు పెట్టాను నేను?"

కోపంగా అడిగినట్టు లేదు. ఆఫీసులో పాత ఫైలు అడిగినట్టుంది. ఎక్కడినుంచి మొదలెట్టాలో తెలియక కిండర్‌గార్టెన్ నుంచే మొదలెట్టాను. ఒకటో తరగతిలో దాని చెవుల్లో నీరు చేరి చిన్న గొట్టాలు వేసినప్పుడు, ఇన్సూరెన్స్ మీ పేరు మీద ఉంది కాబట్టి మీ సంతకం అడిగారని చెప్పాను.

"ఆపరేషన్‌కి నేను సంతకం పెట్టానా?"

"పెట్టారు. అప్పుడు ఫోన్ చేశాను, మీటింగ్‌లో ఉన్నానన్నారు. మళ్ళీ మీరు అడగలేదు, నేను చెప్పలేదు."

కారు కొద్దిగా నెమ్మదించింది. నాలుగో తరగతిలో వాద్యం ఎంచుకునే కాగితం వచ్చింది. పిల్లలందరూ ఫ్లూట్ అంటుంటే ఇదొక్కతే తన ఎత్తున్న బాకా కావాలంది. అద్దెకిచ్చేవాళ్ళు తండ్రి పూచీ అడిగారు. "దానికి యుఫోనియం ఇప్పించింది మీరే" అన్నాను. ఆయన పెదవి చివర కదిలింది. ఏడో తరగతి దగ్గరికొచ్చాను. స్కూల్లో ఎవరితోనూ మాట్లాడటంలేదని, లంచ్ టైంలో ఒక్కతే బ్యాండ్ రూంలో కూర్చుంటోందని కౌన్సిలర్ పిలిచిన సంగతి చెప్పాను. మూడు నెలలు వారానికోసారి పంపమన్నారు, తల్లీతండ్రీ ఇద్దరి సంతకం కావాలన్నారు.

"అప్పుడు నేనెక్కడున్నాను?"

"షార్లెట్‌లో."

"నా కోపం పోయిందనుకోకు" అన్నారు. అనుకోవడంలేదన్నాను. ఆయన ఇండికేటరు వేసి కారుని కుడివైపు లేన్‌లోకి, లారీల వెనక్కి తెచ్చారు. ఇంటికింకా ఆరు గంటల దారి ఉంది. ఆ వేగంతో పోతే ఏడు పడుతుంది.

"ఊఁ, తర్వాత?" అన్నారు.

తర్వాత ఎనిమిదో తరగతి. చెప్పడం మొదలెట్టాను.